మురుగు లైను మీటింగులో లెవెల్ షీటు ఎందుకు అడగాలి: నా అనుభవం

డ్రైనేజీ మీద మీటింగు పెడితే మొదటి పది నిమిషాల్లోనే మాట పైపు సైజు మీదికి పోతుంది. ‘‘ఆరంగుళాల పైపు చాలట్లేదు సార్, పన్నెండంగుళాలది వేయించండి’’ అంటారు కాలనీ వాళ్లు. ‘‘ప్రపోజల్ పంపామండీ, శాంక్షన్ రావాలి’’ అంటారు ఆఫీసు వాళ్లు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు, పని మాత్రం అంగుళం కదలదు. కాలనీ తరఫున ఆ మీటింగుల్లో కూర్చుని, సర్వే నుంచి టెస్టింగ్ దాకా వెంటపడ్డాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఏ మ్యాన్‌హోల్ అడుగు ఎంత లోతులో ఉంది, చివరికి లైను ఎక్కడ కలుస్తోంది అనే అంకెలున్న కాగితం, అంటే లెవెల్ షీటు, టేబుల్ మీదికి వచ్చేదాకా జరిగేదంతా ఊకదంపుడే.

మీటింగుకు ముందే కాలనీ వాళ్లు చేయగలిగిన పని పొంగుడు లెక్క రాసిపెట్టుకోవడం. ఏ మ్యాన్‌హోల్, ఏ తేదీ, ఎన్ని గంటలకు, అప్పుడు వాన ఉందా, నీళ్లు ఎంతసేపటికి తీశాయి. ఈ ఐదు ముక్కలతో కారణం సగం దొరుకుతుంది. వాన చుక్క లేని రోజు పొద్దున్నే అందరూ స్నానాలు చేసే వేళకు పొంగితే లైనులో అడ్డు ఉన్నట్టు: గడ్డకట్టిన నూనె జిడ్డు, గుడ్డలు, చెట్ల వేళ్లు, లేదంటే మధ్యలో కుంగిన పైపు. వాన మొదలైన కాసేపటికే పొంగితే మిద్దెల మీది నీళ్లు మురుగు లైనులో కలుస్తున్నట్టు. వాన వెలిసిన కొన్ని గంటలకు పొంగడం మొదలైతే దిగువన ఉన్న కాలువో చెరువో నిండి వెనక్కి తన్నుతున్నట్టు. ఈ మూడో రకంలో మన వీధిలో ఎంత పెద్ద పైపు వేసినా ఫలితం ఉండదు. ‘‘ఎప్పుడూ పొంగుతూనే ఉంటుంది సార్’’ అని చెబితే ఇంజనీరు దేనికని ఎస్టిమేట్ వేయాలి?

ఆ లెక్క చేతిలో ఉంటే రెండో అడుగు తేలిక. సిబ్బందిని పిలిపించి, పొంగే మ్యాన్‌హోల్ నుంచి దిగువకు వరసగా మూతలు తీయించాలి. ఒకటి నిండుగా ఉండి దాని కింది మ్యాన్‌హోల్ దాదాపు ఖాళీగా ఉంటే అడ్డు ఆ రెండింటి మధ్యే. ఒక ముక్కకు జెట్టింగ్ మెషీన్ (గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మి అడ్డు తీసేది) పెడితే సరిపోయే పనికి వీధంతా తవ్వక్కర్లేదు. అన్నీ ఒకే మట్టంలో నిండి ఉంటే తప్పు కిందెక్కడో ఉంది: పంపింగ్ స్టేషన్, మెయిన్ లైను, లేదా చివరి కలయిక. మూత తీసినప్పుడు వంగి లోపలికి తొంగిచూడకూడదు, దూరం నుంచి టార్చి వేసి చూడాలి. మనుషుల్ని లోపలికి దింపే ప్రశ్నే లేదు. అక్కడ పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద) దగ్గరే ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. అందుకే ‘వాసన లేదు, పర్లేదు’ అని దిగినవాళ్లు అక్కడే కూలిపోతారు, వాళ్లను తీయబోయి దిగినవాళ్లూ అంతే.

ఇక లెవెల్స్, అంటే ఒక స్థిరమైన గుర్తుతో పోల్చి కొలిచిన ఎత్తులు. ప్రతి మ్యాన్‌హోల్‌కూ రెండు అంకెలు కావాలి: మూత లెవెల్, పైపు లోపలి అడుగు లెవెల్. రెండోదాన్నే ఇన్వర్ట్ అంటారు. రెండింటి తేడా ఆ చోట లోతు. వరసగా రెండు మ్యాన్‌హోళ్ల ఇన్వర్టుల తేడాను మధ్య దూరంతో భాగిస్తే వాలు. ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే సర్వే దుర్భిణి), స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) పట్టుకుని ఇద్దరు మనుషులు ఒక వీధిని ఒక పూటలో కొలిచేస్తారు. అనుమానం ఉన్న చోట మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో మనమే సరిచూసుకోవచ్చు, ట్యూబులో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. ఎక్కడ ఎదురు వాలు ఉందో, అంటే దిగువ ఇన్వర్టు ఎగువదానికంటే పైన ఉందో, షీటు చూస్తే ఇట్టే తెలుస్తుంది. పాత లైన్లలో ఇది అనుకున్నంత అరుదు కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 240 మీటర్ల వీధి, రోడ్డు చదునుగా ఉంది. 200 మిల్లీమీటర్ల పైపుకు 1:250 వాలు, అంటే 250 మీటర్లకు ఒక మీటరు దిగుడు, ఇవ్వాలంటే ఈ చివర నుంచి ఆ చివరకు 96 సెంటీమీటర్లు దిగాలి. పై చివర ఇన్వర్టు 1.10 మీటర్ల లోతులో మొదలుపెడితే కింది చివర 2.06 మీటర్లకు చేరుతుంది. కలవాల్సిన మెయిన్ రోడ్డు మ్యాన్‌హోల్ ఇన్వర్టు 1.70 దగ్గరే ఉందనుకోండి, 36 సెంటీమీటర్లు తక్కువ పడ్డాయి. మీటింగులో చర్చ జరగాల్సింది ఈ 36 సెంటీమీటర్ల మీద.

దారులు లేకపోలేదు. పై చివర 75 సెంటీమీటర్ల లోతులోనే మొదలుపెట్టి, మట్టి కప్పు తక్కువైన మేర పైపు చుట్టూ కాంక్రీటు పోయవచ్చు, బండ్ల బరువు ఆ కాంక్రీటు మోస్తుంది. ఇలా చేస్తే మొత్తం 95 సెంటీమీటర్ల దిగుడు దొరికి 1:250కి దాదాపు సరిపోతుంది. కాకపోతే ఇళ్లలోంచి వచ్చే పైపులు అంత పైన కలవగలవా అన్నది ఇల్లిల్లూ కొలిచి చూడాలి. వీధిని మధ్యకు విడగొట్టి సగం అటు, సగం ఇటు పారించవచ్చు, రెండో వైపు కూడా కలిసే చోటు ఉంటే. ఏదీ కుదరకపోతే లిఫ్టింగ్ స్టేషన్: గుంత, రెండు పంపులు, జనరేటర్, కాపలా. అధికారులు దీనికి జంకుతారు, వాళ్ల జంకులో న్యాయముంది. కట్టడం ఒక్కసారి, నడపడం ఏళ్ల తరబడి. కరెంటు పోయిన పూట జనరేటర్ నడవకపోతే ముందు నిండేది గుంత పక్క ఇళ్లే.

అందరికీ నచ్చే దారి మాత్రం పెద్ద పైపు. ‘‘పైపు పెద్దదైతే వాలు తక్కువైనా పర్లేదు కదా?’’ కాగితం మీద నిజమే. నిండుగా పారినప్పుడు సెకనుకు 0.6 మీటర్ల వేగం వస్తే బురద, ఇసుక అడుగున నిలవకుండా కొట్టుకుపోతాయన్నది డిజైనుకు ఆధారం. పైపులో నీటి వేగం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో పైపు గరుకుదనం 0.013 పెట్టి చూస్తే 200 పైపుకు 1:250 దగ్గర 0.66 మీటర్లు వస్తుంది. 300 పైపుకు 1:500 దగ్గరే 0.61 వస్తుంది. తిరకాసు ‘నిండుగా’ అన్న షరతులో ఉంది. 200 ఇళ్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకుంటే రోజుకు 1,08,000 లీటర్లు. సగటున సెకనుకు 1.25 లీటర్లు, రద్దీ వేళ మూడింతలు వేసుకుంటే 3.75. ఆ 300 పైపు సామర్థ్యం సెకనుకు 43 లీటర్లు. అందులో ఈ కాస్త నీరు అడుగున ఆరు సెంటీమీటర్ల లోతులో, సెకనుకు 0.4 మీటర్లు కూడా లేని వేగంతో పాకుతుంది. నీళ్లు ముందుకు పోతాయి, గట్టిది వెనకే ఉండిపోతుంది. అదే నీరు 1:250లో వేసిన 200 పైపులో దాదాపు 0.5 మీటర్లతో పోతుంది. అదీ 0.6 కంటే తక్కువే. పై చివర పది ఇళ్ల దగ్గర ఇంకా తక్కువ. అందుకే కొత్త లైనులోనైనా ఎగువ కొసల్ని అప్పుడప్పుడూ నీళ్లు వదిలి కడగాలని నిర్వహణ షెడ్యూల్లో రాయించుకోవాలి.

ఇప్పుడు కాలనీ వాళ్లకు రుచించని భాగం. 100 చదరపు మీటర్ల మిద్దె మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు 1.39 లీటర్ల నీరు దిగుతుంది. అంటే మూడు మిద్దెల నీళ్లు 200 ఇళ్ల రద్దీ వేళ మురుగును మించుతాయి! ఇంకో పది పన్నెండు మిద్దెల పైపులు ఇళ్ల మురుగు ఛాంబర్లలోకి తిప్పి ఉంటే 200 పైపు నిండిపోయి, అతి పల్లంలో ఉన్న ఇంటి బాత్రూంలో నీళ్లు పైకి లేస్తాయి. ఆ ఇంటి వాళ్లేమో పైపు సైజు తిడుతుంటారు. మీటింగులో ఈ మాట అధికారులు గట్టిగా అనరు, ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎవరి మిద్దె నీళ్లు ఎక్కడికి పోతున్నాయో వాళ్లకు తెలుసు కాబట్టి. పరీక్ష మాత్రం తేలికే. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య లైను మూసి బ్లోయర్‌తో పొగ పంపితే, కలిపిన ప్రతి మిద్దె పైపులోంచీ పొగ లేస్తుంది. ముందురోజు ఇంటింటికీ చెప్పాలి, ఫైర్ స్టేషన్‌కూ చెప్పాలి. వాడకుండా ఎండిపోయిన ఫ్లోర్ ట్రాపుల్లో (నీళ్లు నిలిచి వాసనను ఆపే నేల జాలీ గుంటలు) నీళ్లు పోయమనాలి, లేకపోతే పొగ ఇంట్లోకి వస్తుంది. పొగ కుదరని చోట అనుమానమున్న మిద్దె గొట్టంలో రంగునీళ్లు పోసి మ్యాన్‌హోల్ దగ్గర చూస్తే చాలు.

‘అయితే వాననీరూ మురుగూ ఒకే పెద్ద లైనులో పోనిస్తే పోలా’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ పని చేసిన నగరాలున్నాయి. 1858లో థేమ్స్ నది మురుగు కంపుతో లండన్ ఉక్కిరిబిక్కిరయ్యాక ఇంజనీరు బజల్జెట్ కట్టిన లైన్లు అలాంటివే. పెద్ద వాన పడ్డప్పుడల్లా రెండూ కలిసి థేమ్స్ నదిలోకి పొర్లుతుంటే, దాన్ని ఆపడానికి ఈ మధ్యే 25 కిలోమీటర్ల సొరంగం తవ్వాల్సి వచ్చింది. మన లెక్కలోనే చూడండి: రెండు హెక్టార్ల కాలనీ, ఎక్కువ భాగం కాంక్రీటే కాబట్టి పడిన వానలో 80 శాతం పారుతుందనుకుంటే, 50 మిల్లీమీటర్ల వానకు సెకనుకు 222 లీటర్లు. మురుగుకు దాదాపు 60 రెట్లు. ఏడాదిలో కొన్ని గంటలు వచ్చే ఆ నీటి కోసం పైపు వేస్తే, మిగతా ఏడాదంతా మురుగు దాని అడుగున ఎండుతూ కూర్చుంటుంది. రెండింటినీ విడిగా పోనివ్వడమే తెలివైన పని.

వాన కాలువ మీద జరిగే తగవు వేరే రకం. మూత వేయాలా, తెరిచి ఉంచాలా? తెరిస్తే చెత్త పడుతుంది, పిల్లలు పడతారు. మూస్తే పూడిక కంటికి కనబడదు. 50 సెంటీమీటర్ల వెడల్పు కాలువ 1:300 వాలులో, 40 సెంటీమీటర్ల లోతున పారితే ఆ 222 లీటర్లను సరిగ్గా మోస్తుంది. అడుగున 15 సెంటీమీటర్ల పూడిక పేరుకుంటే మోసేది 120 లీటర్లే. అంటే కొత్త కాలువ కోసం కొట్లాడేముందు ఉన్న కాలువలో కర్ర దింపి చూడటం మంచిది. మూత వేయాలనుకుంటే స్లాబు ముక్కలుగా ఉండాలి, ఎత్తడానికి కొక్కేలుండాలి. 90×45 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు పలకే వంద కిలోలు తూగుతుంది, అంతకన్నా పెద్దవి వేస్తే ఇక ఎవరూ ఎత్తరు. ఇంటి ముందు ర్యాంపుల పేరుతో పది మీటర్ల పొడవున ఒకే పోత పోసిన చోట కాలువ అక్కడితో చచ్చినట్టే. రోడ్డు దాటే కల్వర్టుల్లో మంచినీళ్ల పైపులు, కేబుళ్లు అడ్డంగా దూర్చి ఉంటాయి. వాటికి చిక్కిన ఒక్క గోనెసంచి చాలు, ఎగువ వీధి మునగడానికి.

ఎస్టిమేట్ కాపీ అడిగి తీసుకోవాలి, ఇవ్వనంటే సమాచార హక్కు లాంటి దారులు ఉండనే ఉన్నాయి. అందులో ఉన్నవాటి కంటే లేనివి వెతకాలి. ఇంటి కనెక్షన్లు ఉన్నాయా? చాలాసార్లు మెయిన్ లైను వేసి బిల్లు చేసుకుని, ఇళ్లు కలుపుకోవడం మీ పని అంటారు. అప్పుడు ఎవరికి వాళ్లు ప్లంబర్ని పిలిచి కొత్త పైపును సుత్తితో పగలగొట్టిస్తారు. ఆ చిల్లులోంచి ఇంటి పైపు కొస నాలుగు వేళ్ల మేర లోపలికి పొడుచుకు వస్తుంది. అటుగా వచ్చిన ప్రతి గుడ్డపీలికా దానికే చుట్టుకుంటుంది, దాని మీద జిడ్డు, జిడ్డు మీద జుట్టు. కొన్నాళ్లకు అక్కడే లైను మూసుకుంటుంది. లైను వేసేటప్పుడే ఇంటికొక వై జంక్షన్ (ఇంటి పైపు కలవడానికి పక్క నోరున్న పైపు ముక్క) పెట్టి, ఖాళీ స్థలాలకు కూడా పెట్టి బిరడా వేస్తే ఈ గొడవే ఉండదు. ఇంకా చూడాల్సినవి: లోతును బట్టి తవ్వకం రేట్లు విడిగా ఉన్నాయా, ఊట నీళ్లు తోడే ఖర్చు, ఒకటిన్నర మీటర్లు దాటిన కందకానికి పలకల ఆసరా, రోడ్డు తిరిగి వేయడం, అన్నింటికీ మించి టెస్టింగ్. లైను మెయిన్‌లో కలిసే ఆఖరి ముక్క ఎవరి ఎస్టిమేట్లోనూ లేకుండా పోవడం కూడా జరుగుతుంది, అది వేరే విభాగం పరిధి అని చెప్పి.

రోడ్డు ఎత్తు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పాత పొర గీకకుండా తారు మీద తారు, సిమెంటు మీద సిమెంటు వేసుకుంటూ పోతే ఇళ్లు గుంతలో పడతాయి. ఎగువ మ్యాన్‌హోల్ మూత కంటే ఇంట్లోని అతి కింది కమోడ్ పల్లంలో ఉంటే, లైను నిండినప్పుడు నీళ్లు రోడ్డు మీదికి కాదు, ఇంట్లోకే వస్తాయి. అలాంటి ఇళ్లకు నీళ్లను ఒక్క వైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు పెట్టుకోక తప్పదు. అది మూసుకున్నంతసేపూ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, జుట్టు చిక్కితే పూర్తిగా మూసుకోదు. కాబట్టి ఛాంబర్లో చేయి అందే చోట పెట్టి శుభ్రం చేసుకుంటూ ఉండాలి.

పని మొదలయ్యాక కాపలా కాయాల్సింది కాంట్రాక్టర్ని కాదు, కందకాన్ని. దిగువ చివర నుంచి ఎగువకు వేసుకుంటూ రావాలి, సాకెట్ నోరు, అంటే పక్క పైపు దూరే వెడల్పు చివర, ఎగువ వైపు ఉండాలి. పైపు కింద రాళ్లు, ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు సరిచేస్తుంటే ఆపించాలి. పైపు మొత్తం పొడవునా ఇసుక లేదా సన్న కంకర పరుపు మీద కూర్చోవాలి, సాకెట్ ఉన్న చోట పరుపులో గుంట తీయాలి. లేకపోతే పైపు సాకెట్ల మీదే వేలాడి, మట్టి బరువుకు నడుము విరుగుతుంది. మట్టి ఒక్కసారిగా దొర్లించకుండా 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. మొదటి వానకే రోడ్డు పొడవునా గాడి పడిందంటే ఈ పని ఎగ్గొట్టినట్టే లెక్క. మంచినీళ్ల పైపుకు పక్కగా మూడు మీటర్లు ఎడం ఉంటే మేలు, దాటాల్సి వస్తే మురుగు పైపు కనీసం 45 సెంటీమీటర్లు కింద ఉండాలి. సాయంత్రం పని ఆపేటప్పుడు తెరిచిన పైపు నోటికి బిరడా పెట్టాలి. రాత్రి వాన పడితే కందకంలోని మట్టంతా పైపులోకే పోతుంది.

మ్యాన్‌హోల్ అడుగు చదునుగా వదిలేస్తే అక్కడే గట్టిది పేరుకుంటుంది. వచ్చే పైపు నుంచి పోయే పైపుకు అర్ధచంద్రాకారపు గాడి తీసి, రెండు పక్కలా గాడి వైపు వాలుగా బెంచింగ్ చేయించాలి. కట్టుబడి అయ్యాక లోపల మిగిలిన సిమెంటు ముద్దలు, ఇటుకలు తీయించకపోతే కొత్త లైనులో మొదటి అడ్డు అవే.

టెస్టింగ్ కందకం పూడ్చకముందే జరగాలి. ఒక మ్యాన్‌హోల్లో టార్చి, రెండోదాంట్లో అద్దం: పూర్తి గుండ్రం కనబడితే లైను తిన్నగా ఉంది, చంద్రవంకలా కనబడితే మధ్యలో ఎక్కడో పైపు లేచిందో కుంగిందో. పైపు లోపలి వ్యాసం కంటే 13 మిల్లీమీటర్లు తక్కువ సైజు బంతిని ఎగువ నుంచి వదిలితే కింద దొర్లి రావాలి. రాకపోతే లోపల సిమెంటు పొంగి ఉంది. కింది నోరు బిగించి నీళ్లు నింపి, పైపు పీల్చుకునేంత పీల్చుకున్నాక మళ్లీ నింపి, అరగంటలో మట్టం ఎంత తగ్గిందో కొలిస్తే అతుకుల సంగతి తెలుస్తుంది. ‘‘రోడ్డు మూసేశాం కదండీ, ఇంకెందుకు’’ అని తొందరపెడితే, తుది బిల్లుకు ముందు కెమెరా తనిఖీ వీడియో ఇవ్వాలని మీటింగు మినిట్స్‌లో రాయించుకోవాలి. నోటిమాటగా ఒప్పుకున్న ఇంజనీరు బదిలీ అయితే కొత్తాయనకు ఆ మాట తెలియదు, కాగితమైతే చూపించవచ్చు.

చివరగా తీసుకోవాల్సింది వేసిన లైను మ్యాపు. వేయబోయేది కాదు, వేసినది. అందులో ప్రతి మ్యాన్‌హోల్ ఇన్వర్టు, ప్రతి వై జంక్షన్ కింది మ్యాన్‌హోల్ నుంచి ఎన్ని మీటర్లలో ఉందో ఉండాలి. ఒక కాపీ అసోసియేషన్ దగ్గర, ఒకటి ఆఫీసులో, సంతకాలతో. గ్యారంటీ గడువులో కనీసం ఒక వానాకాలం పూర్తిగా పడేలా తేదీలు చూసుకోవాలి, ఆ వానాకాలమంతా మళ్లీ అదే పొంగుడు లెక్క రాయాలి: మ్యాన్‌హోల్, తేదీ, గంట, వాన. కుంగిన రోడ్డుకూ కారే అతుకుకూ కాంట్రాక్టర్ని పిలిపించడానికి అప్పుడు పనికొచ్చే కాగితాలు ఈ రెండే.